మీ మూడో హోల్‌ను ఒకటో హోల్ చేయండి

వరంగల్ శివార్లలో తొమ్మిది హోల్స్‌తో, అంటే బంతిని ఒక్కో గుంత దాకా కొట్టుకుంటూ పోయే తొమ్మిది బాటలతో, గోల్ఫ్ కోర్సు వేస్తున్న పెద్దలందరికీ నమస్కారం.

పోయిన నెల హన్మకొండలో మీరు పెట్టిన మీటింగుకు నేనూ వచ్చాను. వెనక వరసలో కూర్చున్నాను. చాయ్ ఇచ్చే టైమ్‌లో అందరూ సమోసాల దగ్గరికి పోతే నేను గోడకు అంటించిన డ్రాయింగు దగ్గరికి పోయాను. ఫోన్‌లో ఫోటో తీసుకొని, ఇంటికొచ్చాక పెద్దది చేసి మూడు రోజులు చూశాను. ఆ మూడు రోజులూ నిద్ర సరిగా పట్టలేదంటే మీరు నవ్వుతారు. "సలహాలుంటే రాసివ్వండి" అని మీరే మైకులో అన్నారు. ఒక్కరి చేతికిస్తే ఆ కాగితం ఆయన కారులోనే ఉండిపోతుందని, అందరూ చదివేటట్టు ఇలా బహిరంగంగా రాస్తున్నాను.

ముందు అసలు మాట చెప్పేస్తాను. మీ తొమ్మిది హోల్స్ బాగున్నాయి. ఒక్కదాన్ని కూడా జరపొద్దు. నంబర్లు మాత్రం మార్చండి. మీ డ్రాయింగులో మూడోదిగా ఉన్న హోల్ ఒకటోది కావాలి. అక్కడి నుంచి వరసగా లెక్కపెట్టుకుంటూ పోతే మీ తొమ్మిది ఏడవుతుంది, మీ ఒకటి ఎనిమిదవుతుంది, మీ రెండు తొమ్మిదవుతుంది. ఇందుకోసం చేయాల్సిన పని ఒక్కటే: క్లబ్‌హౌస్‌ను కుంట కట్ట పక్క నుంచి తీసి గుట్ట కిందికి తేవాలి. కాగితం మీద ఉన్నంతసేపు అది రబ్బరు పెట్టి చెరిపే పని. పునాది పడ్డాక మన చేతుల్లో ఉండదు.

ఇది చెప్పడానికి నేనెవరని అడుగుతారు. మాది జగిత్యాల పక్క పల్లె. 2004లో దుబాయ్ పోయాను, 2021లో వచ్చేశాను. అందులో పద్నాలుగేళ్ళు ఒక గోల్ఫ్ కోర్సులోనే పని. మొదట బంకర్లలో, అంటే ఆట కష్టం చేయడానికి పెట్టే ఇసుక గుంతల్లో, ఇసుక సాపు చేయడం, తర్వాత గ్రీన్ల మీద, అంటే గుంత చుట్టూ ఉండే నున్నటి చోట, గడ్డి కోసే మిషన్, చివరికి నీళ్ళ లైన్లు. డిజైనర్‌ను కాదు, పెద్ద ఆటగాడినీ కాదు. కాని ఒక కోర్సును పొద్దున నాలుగింటి చీకట్లో కాలినడకన తిరిగినన్ని సార్లు ఏ డిజైనరూ తిరిగి ఉండడు.

అక్కడ మాకు హోల్స్‌ను వాటాలుగా పంచేవాళ్ళు. నా వాటా పదకొండు నుంచి పద్నాలుగు. మా మిషన్ల షెడ్డు పద్నాలుగో గ్రీన్ వెనకే ఉండేది కాబట్టి మేం పద్నాలుగుతో మొదలుపెట్టి, పదమూడు, పన్నెండు, పదకొండు అని వెనక్కి వచ్చేవాళ్ళం. మూడేళ్ళు అలా వెనక్కే నడిచాను. ఆ నాలుగింటిలో పదమూడు నాకు అస్సలు నచ్చేది కాదు. వెడల్పాటి మైదానం, ఒక మూల ఒకే బంకర్. ఇంత డబ్బు పోసి ఈ ఎడారిలో ఇంత సప్పగా ఒక హోల్ ఎందుకు కట్టారా అనుకునేవాణ్ణి. మిషన్ తోలడానికి మాత్రం హాయిగా ఉండేది.

ఏడాదికి ఒకటి రెండు సార్లు స్టాఫ్‌ను ఆడుకోనిచ్చేవాళ్ళు. నాలుగో ఏడు నాకూ చాన్స్ వచ్చింది. ఎవరో వదిలేసిన పాత క్లబ్బులు (బంతి కొట్టే కర్రలు) పట్టుకొని, మొదటిసారి ఒకటో నంబరు నుంచి వరసగా ఆడుకుంటూ వచ్చాను. పదకొండు పొడుగు, ఎదురుగాలి. అక్కడే చేతులు లాగేశాయి. పన్నెండులో రెండు పక్కలా ఇసుక; రోజూ నేనే సాపు చేసే ఆ ఇసుకలోనే మూడుసార్లు ఇరుక్కుపోయాను. తల దించుకొని పదమూడు మొదలయ్యే చోటికి, అంటే దాని టీ మీదికి, ఎక్కి చూస్తే ముందర ఆ వెడల్పాటి మైదానం. ఎటు కొట్టినా బంతి బతుకుతుంది. అప్పుడు వదిలాను ఊపిరి. మూడేళ్ళు సప్పగా ఉందని తిట్టుకున్న హోల్ ఆ రోజు నాకు చల్లటి నీళ్ళ గ్లాసులా అనిపించింది. దాని తర్వాత వచ్చే పద్నాలుగు మళ్ళీ భయపెట్టేది. అంటే పదమూడును కట్టింది పదమూడు కోసం కాదు, పన్నెండు తర్వాత, పద్నాలుగు ముందర ఉండటం కోసం. వెనక్కి నడిచినవాడికి ఈ విషయం ఎన్నేళ్ళు నడిచినా తెలియదు.

మీ డ్రాయింగు చూస్తే నాకు ఆ వెనక్కి నడక గుర్తొచ్చింది.

గోల్ఫ్ తెలియని వాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే వాళ్ళ కోసం రెండు మాటలు. టీ అనే చోటు నుంచి కొట్టడం మొదలుపెట్టి, గ్రీన్ అనే నున్నటి గడ్డి మీదున్న గుంతలో బంతి వేస్తే ఒక హోల్ అయినట్టు. మంచి ఆటగాడికి దానికి ఎన్ని దెబ్బలు పట్టాలో ఆ లెక్క పేరు పార్. అది మామూలుగా 3, 4, 5లో ఏదో ఒకటి. పెద్ద కోర్సులో 18 హోల్స్ ఉంటాయి. అదేమీ దేవుడు రాసిన లెక్క కాదు. స్కాట్లాండ్‌లో సెయింట్ ఆండ్రూస్ పాత కోర్సులో ఒకప్పుడు ఒక రౌండ్ అంటే 22 హోల్స్. 1764లో మొదటి నాలుగింటిని రెండుగా కలిపేశారు; పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ వాటినే ఆడేవాళ్ళు కాబట్టి 22 కాస్తా 18 అయ్యాయి. ఓపెన్ అనే బ్రిటన్ పెద్ద పోటీ మొదటిసారి 1860లో స్కాట్లాండ్‌లోనే ప్రెస్ట్‌విక్‌లో జరిగినప్పుడు అక్కడ ఉన్నవి పన్నెండే, మూడు చుట్లు తిరిగి ఆడారు. కాబట్టి మనవి తొమ్మిదే అని ఎవరూ చిన్నబుచ్చుకోనక్కర్లేదు. రెండు చుట్లు ఆడితే పద్దెనిమిది.

ఇప్పుడు మీ ఒకటో హోల్ సంగతి. డ్రాయింగులో అన్నిటికన్నా అందమైనది అదే, ఒప్పుకుంటాను. కట్ట పడమటి కొస నుంచి తూర్పుకు, కుంట మూల మీదుగా 165 గజాలు, పార్ 3. బ్రోచర్ మొదటి పేజీ మీద కూడా దాని బొమ్మే వేశారు. మెంబర్ ఎవరైనా చుట్టాన్ని తీసుకొస్తే రాగానే నీళ్ళు కనబడాలి, నోరు తెరవాలి అన్నది మీ ఆలోచన. అమ్మేవాడి ఆలోచనగా బాగానే ఉంది. ఆడేవాడి వైపు నుంచి చూడండి. వాడు ఇంట్లోంచి కారు దిగి వచ్చాడు. నడుము ఇంకా విడవలేదు. మొదటి దెబ్బే నీళ్ళ మీదుగా. బంతి కుంటలో పడింది. ఇంకొకటి తీశాడు, అదీ పడింది. స్కోర్ కార్డులో మొదటి గడిలోనే ఏడు. ఇంక వాడికి మిగతా ఎనిమిది హోల్స్ మీద మనసు ఏముంటుంది? అదే వాడు బాగా కొట్టి పార్ తెచ్చుకున్నాడనుకోండి, అప్పుడు కూడా ఆ సంతోషం ఇరవై నిమిషాల్లో పాతబడిపోతుంది. ఎందుకంటే ఆ దెబ్బ మీద ఇంకా ఏదీ ఆధారపడి లేదు. పోగొట్టుకోవడానికి వాడి దగ్గర అప్పటికి ఏమీ లేదు.

అదే కుంట ఎనిమిదో హోల్‌లో ఎదురైతే వాడి జేబులో ఏడు హోల్స్ లెక్క ఉంటుంది. ఆదివారం పందెంలో దోస్తు కన్నా ఒక దెబ్బ ముందు ఉండి ఉంటాడు. అప్పుడు ఆ 165 గజాలు 165 గజాలుగా ఉండవు. నీళ్ళు అవే, దూరం అదే. టెన్షన్ మాత్రం ఏడు హోల్స్ నుంచి వాడే మోసుకొచ్చాడు.

దీనికి అందరికన్నా పెద్ద సాక్ష్యం అమెరికాలో ఉంది. ఆగస్టా నేషనల్, మాస్టర్స్ పోటీ జరిగే చోటు. బాబీ జోన్స్ అనే మహా ఆటగాడు, అలిస్టర్ మెకెంజీ అనే డిజైనర్ కలిసి కట్టారు. 1934లో అక్కడ మొదటి పోటీ పెట్టినప్పుడు ఇప్పుడు మనం రెండో సగం అని చూసే తొమ్మిది హోల్స్‌ను మొదట ఆడించారు. మరుసటి ఏడు తిప్పేశారు. ఎందుకయ్యా అంటే, ఆ పల్లపు చోట నీడలో ఉన్న గ్రీన్ల మీద పొద్దున్నే పేరుకున్న మంచు తొందరగా ఆరేది కాదని చెప్తారు. అవి మధ్యాహ్నానికి వచ్చేలా చేస్తే పీడా పోతుందనుకున్నారు. అంతే. డ్రామా కోసం ఎవరూ చేయలేదు.

1935లో, అలా తిప్పిన మొదటి ఏడే, ఏమైందో చూడండి. చివరి రోజు క్రెయిగ్ వుడ్ ఆట ముగించి క్లబ్‌హౌస్‌లో కూర్చున్నాడు. జీన్ సారజెన్ అతని కన్నా మూడు దెబ్బలు వెనకబడి పదిహేనో హోల్‌లో ఉన్నాడు. పార్ 5 అది, గ్రీన్ ముందర నీళ్ళు. 235 గజాల దూరం నుంచి చెక్క క్లబ్‌తో కొట్టిన రెండో దెబ్బ నేరుగా గుంతలో పడింది. ఐదు పట్టాల్సిన చోట రెండు. మూడు దెబ్బల తేడా ఒక్క దెబ్బతో మాయం. ఇద్దరూ సమానంగా నిలిచారు; మర్నాడు 36 హోల్స్ ప్లేఆఫ్, అంటే గెలుపు తేల్చే ఆట, ఆడి సారజెన్ గెలిచాడు. ఆ ఒక్క దెబ్బతోనే ఆ పోటీ పేరు లోకానికి తెలిసిందంటారు.

ఇప్పుడు నంబర్లు వెనక్కి తిప్పి చూడండి. 1934 వరస ప్రకారమైతే ఆ పదిహేనో హోల్ ఆరోది. ఆ గుంత అక్కడే ఉండేది, ఆ నీళ్ళూ అక్కడే ఉండేవి, ఆ దెబ్బ అలాగే పడేది. కాని ఆ తర్వాత ఇంకా పన్నెండు హోల్స్ ఉండేవి. వుడ్‌కు గుండె ఆగినంత పని అయ్యేది కాదు. సాయంత్రందాకా టైమ్ ఉందిలే అనుకునేవాడు. జనం చప్పట్లు కొట్టి, నడుచుకుంటూ ఏడో హోల్‌కు పోయేవాళ్ళు.

ఇంకోటి. అదే ఆగస్టాలో పన్నెండో హోల్ పార్ 3, 155 గజాలు, గ్రీన్ ముందర వాగు. మీ కుంట హోల్‌కు అక్క లాంటిది. 2016లో జోర్డన్ స్పీత్ చివరి రోజు సగం ఆట అయ్యేసరికి ఐదు దెబ్బల ఆధిక్యంతో ఉన్నాడు. పది, పదకొండులో ఒక్కో దెబ్బ పోయింది. పన్నెండులో రెండు బంతులు వాగులో వేసి ఏడు చేశాడు. గెలుపు పోయింది. పాత వరసలో అది మూడో హోల్ అయి ఉండేది. మూడో హోల్‌లో ఏడు చేసినవాడికి సర్దుకోవడానికి పదిహేను హోల్స్ ఉంటాయి. పన్నెండులో చేసినవాడికి ఉన్నవి ఆరు.

ఆ బాబీ జోన్స్ చిన్నప్పుడు ఆట నేర్చుకున్నది అట్లాంటాలోని ఈస్ట్ లేక్ క్లబ్‌లో. అక్కడ టూర్ చాంపియన్‌షిప్ అనే పెద్ద పోటీ జరుగుతుంది. చాలా కాలం దాని చివరి హోల్ పార్ 3. వెనకబడినవాడు ముందుకు దూకడానికి పార్ 3లో ఏముంటుంది? మహా అయితే ఒక దెబ్బ లాభం. 2016లో వాళ్ళు కూడా రెండు సగాలను తిప్పేశారు, పార్ 5 చివరికి వచ్చింది. ఒక్క బంకర్ తవ్వకుండా, ఒక్క చెట్టు కొట్టకుండా పోటీ ముగింపే మారిపోయింది.

ఇక్కడొక మెలిక ఉంది, మీరు జాగ్రత్తగా వినాల్సింది ఇదే. ఆగస్టా, ఈస్ట్ లేక్ అలా తిప్పగలిగాయంటే వాటిలో రెండు తొమ్మిదులూ క్లబ్‌హౌస్ దగ్గరే మొదలై క్లబ్‌హౌస్ దగ్గరికే తిరిగి వస్తాయి. బోర్డులు మారిస్తే చాలు. మనది ఒక్కటే తొమ్మిది, ఒక్కటే చుట్టు. క్లబ్‌హౌస్ ఎక్కడుంటే అక్కడే ఒకటో నంబరు. భవనం కట్టాక బోర్డులు మార్చుకుంటామంటే, ఎండలో మెంబర్లను ఒకటో టీ దాకా ఆటోలో తీసుకుపోవాలి. మీ ప్లాన్‌లో ముందు క్లబ్‌హౌస్‌కు చోటు చూసుకొని, దాని చుట్టూ హోల్స్ అల్లారు. పెళ్ళి పందిరి వేశాక ఇల్లు కట్టినట్టుంది. ముందు హోల్స్ నడక తేలాలి, ఆ నడక ఎక్కడ మొదలై ఎక్కడ ఆగితే బాగుంటుందో చూసి అక్కడ భవనం కట్టాలి.

మేడారం మనకు కొత్త కాదు. మొదటి రోజు కన్నెపల్లి నుంచి సారలమ్మ వస్తుంది. సమ్మక్క చిలుకలగుట్ట దిగి వచ్చేది రెండో రోజు. ఆ రోజంతా లక్షల మంది ఆ దారి వైపే చూస్తుంటారు. ఎవరన్నా పోయి, "జనం ఎక్కువగా ఉన్నారు, పెద్దమ్మను మొదటి రోజు పొద్దున్నే తెచ్చేయండి" అంటే పూజారులు ఏమంటారో మీకే తెలుసు.

పోయిన శుక్రవారం నేను మీ భూమికి పోయి నడిచి వచ్చాను. కాపలా ఉన్న తాత మొదట గేటు తీయలేదు. దుబాయ్‌లో గడ్డి కోశానని చెప్తే మా కొడుకూ అక్కడే ఉన్నాడని లోపలికి పిలిచి నీళ్ళిచ్చాడు. పొద్దున ఆరున్నరకు మీ ఒకటో టీ పడే చోట నిలబడ్డాను. తూర్పుకు ముఖం. సూర్యుడు సరిగ్గా గ్రీన్ మీద నుంచి లేస్తున్నాడు. ఆ వెలుగు కుంట నీళ్ళ మీద పడి కళ్ళలో కొడుతోంది. బంతి ఎటు పోయిందో చూడటం సంగతి తర్వాత, గ్రీనే కనబడదు. మన దగ్గర ఎండాకాలంలో పొద్దున ఆరు నుంచి తొమ్మిది లోపల ఆడితేనే ఆట, ఆ తర్వాత నిప్పులే. మీ మెంబర్లలో సగం మంది మొదటి దెబ్బ ఆ టైమ్‌లోనే కొడతారు. సాయంత్రం ఆడేవాళ్ళకు మీ తొమ్మిదో హోల్ రోడ్డు పక్కన పడమటికి పోతుంది. అది ముగిసే టైమ్‌కు పొద్దు గుంకుతూ మళ్ళీ కళ్ళలోనే. పొద్దున మొదటి హోల్ తూర్పుకు, సాయంత్రం చివరి హోల్ పడమటికి ఉండకూడదన్నది ఈ పనిలో అక్షరాభ్యాసం లాంటిది. మీ ప్లాన్‌లో రెండూ ఉన్నాయి.

నా వరసలో మొదటిది, అంటే మీ మూడు, గుట్ట కింద చింతచెట్ల దగ్గర మొదలై పడమటికి వాలుగా దిగుతుంది. పొద్దున సూర్యుడు వీపు మీద. 400 గజాల దాకా ఉంది, వెడల్పు ఎక్కువ, పార్ 4. నిద్రమత్తులో ఉన్నవాడు కూడా ఎటో ఒకవైపు కొట్టి ముందుకు పోతాడు. పార్ 3తో మొదలుపెడితే ఇంకో చిక్కు కూడా ఉంది. ముందు జట్టు నలుగురూ గ్రీన్ మీద ఆట ముగించి పక్కకు తప్పుకునేదాకా వెనక జట్టు కొట్టడానికి లేదు. పార్ 4 అయితే వాళ్ళు రెండో దెబ్బ కొట్టి దూరం పోగానే వీళ్ళు మొదలుపెట్టొచ్చు. ఎనిమిది, పది నిమిషాలకు ఒక జట్టును వదులుతారు కదా, దాంట్లో ఒక్కడు కుంటలో రెండు బంతులు వేస్తే చాలు, వెనక మొత్తం ఆగిపోతుంది. రేషన్ షాపు ముందర నిలబడ్డట్టు క్యూ. ఇంగ్లాండ్‌లో రాయల్ లిథమ్ అనే పెద్ద కోర్సు పార్ 3తోనే మొదలవుతుంది కదా అని మీలో ఆట తెలిసినవాళ్ళు అనొచ్చు. నిజమే. ఓపెన్ పోటీ జరిగే కోర్సుల్లో అలా మొదలయ్యేది అదొక్కటే. అక్కడ కూడా నీళ్ళు లేవు.

మధ్యలో ఉన్న వాటి గురించి ఎక్కువ చెప్పను, అవి సరిగ్గానే పడ్డాయి. చుట్టు గడియారం తిరిగే వైపే ఉంచారు, అది చాలా మంచి పని. రోడ్డు ఎప్పుడూ ఎడమ పక్కనే ఉంటుంది. కొత్తగా ఆడేవాళ్ళలో ఎక్కువమంది కుడిచేతివాటం, వాళ్ళ బంతి కుడికి వంకర పోతుంది, అంటే కోర్సు లోపలికే. రోడ్డు మీద పోయే బస్సు అద్దాలకు గండం తప్పింది. మీ ఆరో హోల్ టీ మీద నిలబడితే తుమ్మచెట్ల సందులోంచి కుంట నీళ్ళు ఒక్క గీతలా మెరిశాయి. ఆ చెట్లు కొట్టొద్దు. నా లెక్కలో అది నాలుగో హోల్. అక్కడ నీళ్ళను అలా ఒక్కసారి చూపించి దాచేస్తే, ఎనిమిదిలో దాని దగ్గరికి పోవాలన్న సంగతి మనిషి మనసులో ఉండిపోతుంది. మన కోట గుమ్మాలు చూడలేదా? నేరుగా లోపలికి పోనివ్వవు. ఒక మలుపు తిప్పి, ఇంకో గోడ చూపించి, అప్పుడు తోరణాల దగ్గరికి పంపిస్తాయి.

మీ ఎనిమిదో హోల్‌ను తీసేసి ఇంకేదన్నా కొత్తది పెడదామని మీటింగులో ఒకరు అన్నారు. రేగడి భూమిలో చదునుగా ఉంది, బంకర్ లేదు, మజా లేదని. దయచేసి ముట్టుకోవద్దు. నా వరసలో అది ఆరు. మన బతుకమ్మ తొమ్మిది రోజులు కదా. ఎంగిలిపూలతో మొదలై సద్దులతో ముగుస్తుంది. ఆరో రోజు అలిగిన బతుకమ్మ, ఆ రోజు పేర్చరు, ఆడరు. మా అమ్మ ఆ రోజు ఇల్లు అలుక్కునేది, సద్దులకు ఏం కావాలో చూసుకునేది. ఊరంతా ఒక రోజు ఆగి, మళ్ళీ వేపకాయలతో మొదలుపెట్టి సద్దుల దాకా పోతుంది. ఆ ఆరో రోజును లెక్కలోంచి తీసేయాలని మన ఆడవాళ్ళు ఎవరూ అనలేదు. నా పదమూడో హోల్ కూడా అలాంటిదే. మీ ఎనిమిదీ అంతే, దాన్ని సరైన చోట పెడితే.

ఆరు తర్వాత ఏడు, అంటే మీ తొమ్మిది, రోడ్డు వెంబడి పడమటికి, 300 గజాల పొట్టి పార్ 4. మీ ప్లాన్‌లో ఇది ముగింపు. సాయంత్రం ఎండలో కళ్ళు చికిలించుకుంటూ ఒక పొట్టి చదును హోల్‌తో ఆట అయిపోతుంది. పెళ్ళిలో ఆఖరున మజ్జిగ అయిపోయిందన్నట్టు. ఏడో నంబరుగా అయితే దీనికి జీవం వస్తుంది. బలమున్న కుర్రాడు ఒకే దెబ్బలో గ్రీన్ దగ్గరికి కొడదామని చూస్తాడు. పక్కనే రోడ్డు, అక్కడ పడితే అవుట్ ఆఫ్ బౌండ్స్, అంటే హద్దు దాటినట్టు. ఎనిమిదిలో కుంట ఉందని వాడికి తెలుసు కాబట్టి ఇక్కడే ఒక దెబ్బ మిగుల్చుకుందామన్న ఆశ. ఆ ఆశే వాడితో తప్పు చేయిస్తుంది.

తర్వాత కుంట. నైరుతి గాలి వీచే వానాకాలంలో వెనక నుంచి తోస్తుంది, చలికాలం ఈశాన్యం గాలి ఎదురొస్తుంది. సాయంత్రం సూర్యుడు వీపు వెనక ఉంటాడు, నీళ్ళు బంగారు రంగులో కనబడతాయి. మీ బ్రోచర్ ఫోటో కూడా ఆ టైమ్‌లో తీయించండి, ఇంకా బాగా వస్తుంది.

అంత మంచి హోల్ అయితే తొమ్మిదో నంబరే ఇవ్వొచ్చు కదా, ఎనిమిది ఎందుకని అడుగుతారు. రెండు కారణాలు. ఒకటి, మనిషికి మనిషి పోటీగా హోల్స్ గెలుచుకుంటూ ఆడే పద్ధతిలో చాలా ఆటలు చివరి హోల్ దాకా రావు, ముందే తేలిపోతాయి. ఎనిమిదిలో ఉంటే ఇంకా ఎక్కువమంది దాన్ని పందెం మిగిలి ఉండగానే ఆడతారు. రెండోది, కుంటలో పడ్డవాడికి తిరిగి లేవడానికి ఒక్క చాన్స్ ఉండాలి. సెయింట్ ఆండ్రూస్‌లో పదిహేడో హోల్ మనిషిని నలిపేస్తుంది. పద్దెనిమిదిలో ఒక్క బంకర్ కూడా లేదు, కబడ్డీ కోర్టులు పది పట్టేంత వెడల్పు. అక్కడ బర్డీ (పార్ కన్నా ఒక దెబ్బ తక్కువ) కొట్టి పోయిన పరువు తెచ్చుకోవచ్చు. మీ రెండో హోల్ సరిగ్గా అలాంటి ముగింపే. 380 గజాలు, గుట్ట మీదికి ఎక్కుతూ పోతుంది, తూర్పుకు, ఎండ వెనక. రెండో చుట్టులో ఈ రెండూ పదిహేడు, పద్దెనిమిది అవుతాయి.

చివర్లో నీళ్ళుంటే ఎలా ఉంటుందో కూడా చూశాను లెండి, అదీ తీసిపారేసేది కాదు. దుబాయ్‌లో ఎమిరేట్స్ గోల్ఫ్ క్లబ్ మజ్లిస్ కోర్సు పద్దెనిమిదో హోల్ పార్ 5, గ్రీన్ ముందర చెరువు. 2001లో టైగర్ వుడ్స్ బంతి అక్కడ నీళ్ళలో పడి, థామస్ బ్యోర్న్ గెలిచాడు. నేను వెళ్ళకముందు సంగతి అది, మా క్యాంపులో సీనియర్లు మాత్రం ఇంకా నిన్నటి మాటలా చెప్పేవాళ్ళు. 2022లో రోరీ మెక్‌ఇల్‌రాయ్ అక్కడే నీళ్ళలో వేసి ప్లేఆఫ్‌కు కూడా రాలేకపోయాడు. మరుసటి ఏడు అదే హోల్‌లో బర్డీ కొట్టి ఒక్క దెబ్బ తేడాతో గెలిచాడు. ఈ రెండూ హన్మకొండలో ఇంట్లో కూర్చొని ఫోన్‌లో చూశాను. కాని గమనించండి, అది పార్ 5. నీళ్ళ మీదుగా కొట్టాలా, ముందు ఆగాలా అని మనిషి ఎంచుకోవచ్చు. మన కుంట హోల్ పార్ 3, ఎంచుకోవడానికి ఏమీ లేదు. ఎంపిక లేని హోల్ చివరన ఉంటే అది లాటరీ.

ఖర్చు సంగతి దాచను. గుట్ట కిందికి క్లబ్‌హౌస్ పోతే గేటు నుంచి 250 మీటర్ల దాకా మొరం రోడ్డు ఎక్కువ వేయాలి, కరెంటు స్తంభాలు ఐదారు పడతాయి. వరండాలో కూర్చొని చాయ్ తాగుతూ పక్కనే నీళ్ళు చూద్దామనుకున్న మెంబర్లు కొంచెం అలుగుతారు. వాళ్ళతో ఇలా చెప్పండి: కట్ట పక్కన కూర్చుంటే కుంట ఒక్కటే కనబడుతుంది. గుట్ట వాలు మీద కూర్చుంటే పైనుంచి ఎనిమిదో హోల్‌లో నీళ్ళలో పడేవాళ్ళూ కనబడతారు, తొమ్మిదిలో చెమటలు కక్కుతూ ఎక్కి వచ్చేవాళ్ళూ కనబడతారు. చాయ్‌కి అంతకన్నా ఏం కావాలి?

కోర్సుకు నీళ్ళు ఎక్కడివని మీటింగులో ఒక పెద్దాయన లేచి అడిగితే తర్వాత చెప్తామన్నారు. అది చాలా మంచి ప్రశ్న, తర్వాతకు వదిలేసేది కాదు. మా దుబాయ్ కోర్సు శుద్ధి చేసిన మురుగునీళ్ళ మీద బతికింది. దాని లైన్లు నేనే చూసేవాణ్ణి, అడిగితే దాని గురించి ఇంకో ఉత్తరం రాస్తాను. గడ్డికి మాత్రం భయపడకండి. బెర్ముడా అని పెద్ద పేరు పెట్టి అమ్మేది మన గరిక జాతే, ఎండకు చావదు.

వచ్చే నెల మొదటి ఆదివారం పొద్దున ఆరింటికి గుట్ట కింద చింతచెట్టు దగ్గర ఉంటాను. తాతకు చెప్పి పెట్టాను. తొమ్మిది వెదురు కర్రలు, ఒక సంచి ముగ్గుపిండి తెస్తాను. మొదట మీ వరసలో నడుద్దాం, తర్వాత నా వరసలో. ఇంజనీర్ గారిని కూడా తీసుకురండి, ఆయన లేకపోతే లాభం లేదు. చెప్పులతో మాత్రం రావద్దు. మీ ఏడో హోల్ నిండా పల్లేరుకాయలే.

ఇట్లు,
జగిత్యాల వైపు నుంచి వచ్చి హన్మకొండలో ఉంటున్న ఒక పాత గ్రీన్‌కీపర్